బోన్‌జూర్ చెప్పాకే పని మాట

ఫ్రెంచి సంస్థలతో పనిచేసే పాఠకుల నుంచి ఈ శీర్షికకు చాలా ప్రశ్నలు వచ్చాయి. కొందరు మూడు నాలుగు నెలల పని మీద తులూజ్‌కో పారిస్‌కో బయల్దేరుతున్నవాళ్లు. ఎక్కువమంది హైదరాబాద్‌లోనే ఉంటూ అక్కడి బృందంతో రోజూ కాల్స్‌లో మాట్లాడేవాళ్లు. తరచుగా వచ్చిన ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాం. ఫ్రెంచి మాటలు తెలుగు లిపిలో ఇచ్చాం. చాలా మాటల చివరి 'న్' ముక్కుతో పలికే సున్నాలాంటిది.

ప్రశ్న: తులూజ్‌లో విమాన భాగాలు తయారుచేసే కంపెనీకి మూడు నెలల పని మీద వెళ్తున్నాను. మొదటిరోజు ఎవరిని ఎలా పలకరించాలి? పేరు పెట్టి పిలవొచ్చా?
— ఒక డిజైన్ ఇంజనీరు, శంషాబాద్

జవాబు: ముందు 'బోన్‌జూర్', అంటే నమస్కారం, అనండి. సెక్యూరిటీ గార్డుకు, రిసెప్షన్‌లో ఉన్నావిడకు, లిఫ్టులో ముందే నిలబడి ఉన్న అపరిచితుడికి, బేకరీలో రొట్టె ఇచ్చే అమ్మాయికి, బస్సు డ్రైవరుకు, అందరికీ. మన దగ్గర ముక్కూ మొహం తెలియని మనిషిని పలకరించకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. "ఏమండీ, ఫలానా గది ఎక్కడ?" అని నేరుగా అడిగేస్తాం. అక్కడ అలా అడిగితే ఎదుటి మనిషి మొహం బిగుసుకుంటుంది, జవాబు ముక్తసరిగా వస్తుంది. 'ఎక్స్‌క్యూజ్ మీ' అన్నా ఆ లోటు తీరదు. 'నిన్ను మనిషిగా చూశాను' అని ఒప్పుకునే మాట బోన్‌జూర్ ఒక్కటే. ఫ్రెంచివాళ్లు దురుసు మనుషులన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్కమాట మర్చిపోవడమే.

తెలియనివాళ్లకు 'బోన్‌జూర్ మదామ్', 'బోన్‌జూర్ మస్యూ' అని కలిపి చెప్పండి. పెళ్లికాని స్త్రీని 'మద్మ్వాజెల్' అనే అలవాటు పోతోంది. 2012లో ప్రభుత్వ ఫారాల నుంచి కూడా ఆ మాట తీసేశారు. వయసుతో పనిలేకుండా మదామ్ అనండి. సాయంత్రం ఆరు దాటాక 'బోన్‌స్వార్'. ఒక మనిషికి రోజుకు ఒకే బోన్‌జూర్. మధ్యాహ్నం మళ్లీ ఎదురైతే అదే మాట చెప్పకండి, పొద్దున చెప్పింది మర్చిపోయారనుకుంటారు. 'రెబోన్‌జూర్' అన్నా చాలు, చిరునవ్వినా చాలు.

ఉదయం బృందం దగ్గరికి రాగానే సీట్లో కూర్చుని కంప్యూటర్ తెరవకండి. బల్లబల్లకీ వెళ్లి పలకరించి రండి. చేయి కలిపితే గట్టిగా, ఒక్క ఊపు, వదిలేయండి. చెంపకు చెంప ఆనించే 'బీజ్' ఆఫీసుల్లో 2020 కోవిడ్ తర్వాత తగ్గింది. మీరుగా మొదలుపెట్టనక్కర్లేదు. ఇష్టం లేకపోతే వాళ్లకంటే ముందే నవ్వుతూ చేయి చాపండి, ఎవరూ నొచ్చుకోరు. ఎన్నిసార్లు ఆనించాలన్నది ఊరూరికీ మారుతుంది: పారిస్‌లో రెండు, మోంపెలియేలో మూడు. అవతలివాళ్లు ఆగినచోట ఆగండి.

ఇక పిలుపు. ఫ్రెంచిలో 'వూ' మన మీరు, 'త్యు' మన నువ్వు. ఇంగ్లిషువాళ్లు తలపట్టుకునే ఈ తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చిందే. కాకపోతే మన దగ్గర వయసు చూసి తేలుస్తాం, అక్కడ దగ్గరితనం, సంస్థ అలవాటు చూసి తేలుస్తారు. ఇంజనీరింగ్, ఐటీ బృందాల్లో మేనేజరును కూడా త్యు అనడం మామూలే. క్లయింటుతో, డైరెక్టరుతో, వేరే కంపెనీ మనిషితో వూ. 'ఓన్ ప్యూ స త్యుత్వాయే?' అంటే 'నువ్వు అనుకుందామా?' అని. ఆ మాట పెద్దవాళ్లు, పై హోదావాళ్లు అనాలి. ఒకసారి ఒప్పుకున్నాక మళ్లీ వూకి వెళ్తే దూరం పెట్టినట్టు. ఇంగ్లిషులో మాట్లాడేటప్పుడు మాత్రం వాక్యానికో 'సార్' వద్దు. మనకది మర్యాద, వాళ్ల చెవికి మాత్రం 'నేను మీతో వాదించను' అన్నట్టు వినిపిస్తుంది. వాదించని ఇంజనీరుకు అక్కడ విలువ తక్కువ.

వెళ్లేముందు ఒక చిన్న పని చేయండి. ఫ్రెంచి జాబితాల్లో ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో, తరచుగా ముందే ఉంటుంది. ఆ సంగతి మనకు కొత్త కాదు. కానీ మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడిలో సొంతపేరు పడి ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీ. దాన్నిబట్టి బ్యాడ్జి చేస్తే మూడు నెలలూ మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు. హెచ్ఆర్‌కు ముందే మెయిల్ రాయండి: 'నోన్' అంటే ఇంటిపేరు ఇది, 'ప్రెనోన్' అంటే పిలుపు పేరు ఇది, అని. అవతలివాళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. 'మార్తాన్' లాంటివి ఇంటిపేరూ అవుతాయి, పిలుపు పేరూ అవుతాయి. పెద్ద అక్షరాల్లో ఉన్నదే ఇంటిపేరు.

ప్రశ్న: మా డిజైన్‌ను పారిస్ బృందానికి వివరించాను. నలభై స్లైడ్లు పెట్టుకుంటే రెండో స్లైడ్ దగ్గరే ఆపి, 'ఈ పద్ధతే ఎందుకు?' అని గంటసేపు గుచ్చిగుచ్చి అడిగారు. మధ్యమధ్యలో నా మాటకు అడ్డం వచ్చారు. చివరికి 'పా మాల్' అన్నారు. నా పని నచ్చనట్టేనా?
— ఒక డేటా ఇంజనీరు, మాదాపూర్

జవాబు: నచ్చింది. 'పా మాల్' అంటే మాటకు మాట 'చెడ్డగా లేదు' అని. వాడుకలో మాత్రం అది మంచి మెప్పే. వాళ్ల బడుల్లో మార్కులు 20కి వేస్తారు. బడి చదువు చివర రాసే బకలోరియా పరీక్షలో 10 వస్తే ఉత్తీర్ణత, 12కి 'బాగానే ఉంది', 14కి 'బాగుంది', 16కి 'చాలా బాగుంది' అన్న శ్రేణులు ఇస్తారు. నూటికి తొంభై ఐదు వస్తేనే తృప్తిపడే ఇళ్లలో పెరిగిన మనం అక్కడి 14 విలువ గ్రహించలేం. 'ఎక్సలెంట్' కోసం ఎదురుచూడకండి.

ఇక గంటసేపు ప్రశ్నల సంగతి. సాధారణ, సాంకేతిక శాఖల్లో బకలోరియా చదివే పిల్లలందరికీ చివరి ఏడాది తత్వశాస్త్రం ఉంటుంది, నాలుగు గంటల పరీక్ష రాయాలి. అందులో జవాబు ఒక్కటే ఇస్తే మార్కులు రావు. ప్రశ్ననే ప్రశ్నించాలి, ఒక వాదం నిలబెట్టాలి, దాన్ని ఖండించే వాదం కూడా నిలబెట్టాలి, అప్పుడు తేల్చాలి. ఆ అలవాటే సమావేశాల్లోకి వస్తుంది. వాళ్లు పరీక్షించేది మాటను. మనిషిని కాదు. మీతో గంటసేపు వాదించినాయన మధ్యాహ్నం కాఫీ మెషిన్ దగ్గర హాయిగా కబుర్లు చెప్తే ఆశ్చర్యపోకండి. అడ్డం రావడం కూడా ఆసక్తికి గుర్తే. అసలు పట్టించుకోకపోతే నోరు విప్పరు.

ఈసారి స్లైడ్లు నలభై వద్దు, పది పన్నెండు చాలు. మొదటిదాంట్లో సమస్య, పరిమితులు. రెండోదాంట్లో మీరు ఆలోచించి వదిలేసిన మార్గాలు, ఒక్కోదాన్ని ఎందుకు వదిలేశారో ఒక్కో వాక్యం. మూడోదాంట్లో మీరు ఎంచుకున్నది, దాని లోపం కూడా మీరే చెప్పాలి. తర్వాతే వివరాలు. మిగతా పట్టికలన్నీ చివర అనుబంధంగా పెట్టుకోండి, అడిగితే తెరవండి. మనవాళ్లు సాధారణంగా రెండో స్లైడ్ వదిలేసి నేరుగా పరిష్కారం చూపిస్తారు. అప్పుడు వాళ్లకు 'ఆలోచించకుండానే తేల్చేశారు' అనిపిస్తుంది. మీకు ఎదురైనది బహుశా అదే.

ప్రశ్న వచ్చినప్పుడు చివరిదాకా వినండి. ఒప్పుకుంటే ఒప్పుకున్నానని, లేకపోతే 'నేను ఏకీభవించను, కారణం ఇదీ' అని చెప్పండి. తెలియకపోతే 'గురువారం సాయంత్రంలోగా చెప్తాను' అని రోజు పెట్టి చెప్పండి, ఆ రోజు తప్పకుండా చెప్పండి. అన్నిటికీ 'ష్యూర్, విల్ డూ' అనడం మన బృందాలకు ఎక్కువ నష్టం చేసే అలవాటు. మన 'ఎస్' చాలాసార్లు 'వింటున్నాను' అని మాత్రమే. వాళ్లు దాన్ని 'కోన్త్ రాంద్యూ' అనే సమావేశ నివేదికలో హామీగా రాసుకుంటారు. 'అర్థమైంది' వేరు, 'చేస్తాం' వేరు అని నోటితోనే తేల్చండి. కెమెరాలో మనం అటూఇటూ ఆడించే తల వాళ్లకు అవునో కాదో తెలియదు.

వాళ్ల వైపు నుంచి 'నోన్' (ఇక్కడ 'కాదు' అని, ఇంటిపేరు కాదు) వస్తే చర్చ మొదలైందన్నమాట. భయపడాల్సింది 'సె కాంప్లికే', అంటే 'క్లిష్టమే', అన్నప్పుడు. అది చాలావరకు మర్యాదగా కాదనడం. ఇంకో సంగతి, సమావేశంలో అంత వాదన జరిగినా నిర్ణయం అక్కడే అవుతుందనుకోవద్దు. పై అధికారి తర్వాత తేలుస్తారు. అందుకే రెండ్రోజుల ముందే మీతో సమానస్థాయి మనిషికి ఒక పేజీ నోట్ పంపి, ఫోన్లో పది నిమిషాలు మాట్లాడి ఉంచుకోవడం మంచిది.

ప్రశ్న: ఒక ఫ్రెంచి సహోద్యోగి 'ఐ డిమాండ్ యూ ద రిపోర్ట్' అని మెయిల్ రాశారు. ఇంకోసారి 'వాట్ ఈజ్ యువర్ డిలే?' అన్నారు, మేం ఆలస్యమే చేయలేదు. ఇంత కటువుగా ఎందుకు?
— ఒక టెస్టింగ్ లీడ్, విశాఖపట్నం

జవాబు: కటువు కాదు. అవి ఇంగ్లిషు తొడుగులో ఉన్న ఫ్రెంచి మాటలు. ఫ్రెంచిలో 'దమాందే' అంటే ఉత్త అడగడమే, 'నివేదిక పంపండి' అన్నారంతే. 'దెలే' అంటే గడువు, పట్టే సమయం. ఆ ప్రశ్నకు జవాబు 'ఐదు పనిదినాలు' అనే గాని సంజాయిషీ కాదు.

ఇవి కూడా గుర్తుపెట్టుకోండి. వాళ్లు 'యాక్చువల్లీ' అంటే 'ప్రస్తుతానికి'. 'ఐ విల్ అసిస్ట్ టు ద మీటింగ్' అంటే 'హాజరవుతాను', సాయానికి వస్తానని కాదు. 'సెన్సిబుల్ డేటా' అంటే గోప్యంగా ఉంచాల్సిన సమాచారం. అన్నిటికంటే ప్రమాదం 'ఈవెంచువల్లీ'. ఇంగ్లిషులో అది 'చివరికి తప్పకుండా', ఫ్రెంచిలో 'అవసరమైతే, బహుశా'. 'వీ విల్ ఈవెంచువల్లీ యాడ్ దిస్ ఫీచర్' అని వాళ్లు రాస్తే దాన్ని ఒప్పుకున్న పనుల జాబితాలో చేర్చే ముందు 'ఖాయమా, ఆలోచనలో ఉందా?' అని అడగండి.

అంకెల్లోనూ ఇలాంటిదే ఉంది. దశాంశానికి కామా, వేలకు ఖాళీ వాడతారు. 1,250 అని ఫ్రెంచివాళ్లు రాస్తే అది ఒకటింబావు, పన్నెండు వందల యాభై కాదు. ఎక్సెల్ ఫైళ్లు అటూఇటూ మారేటప్పుడు ఇక్కడే లెక్కలు చెడతాయి. వంద కోట్లకు వాళ్ల మాట 'మిలియార్'. ఫ్రెంచి 'బిలియోన్' అంటే లక్ష కోట్లు. వాళ్ల లాప్‌టాప్ మీద పాస్‌వర్డ్ పదే పదే తప్పు చూపిస్తే కీబోర్డు చూడండి. అక్కడ 'ఏ' ఉండే చోట మన 'క్యూ' ఉంటుంది, పైవరుసలో అంకెలు రావాలంటే షిఫ్ట్ నొక్కాలి.

మెయిల్‌ను 'బోన్‌జూర్' తో మొదలుపెట్టి 'కోర్దియాల్‌మాన్' అని ముగించండి. మధ్యలో ఇంగ్లిషు ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: మేం సాయంత్రం నాలుగింటికి కాల్ పెడితే సగంమంది రారు. రాత్రి మెసేజ్ పెడితే జవాబు ఉండదు. ఆగస్టులో అయితే ఆమోదం ఇచ్చే దిక్కే లేదు. ప్రాజెక్టు నడిపేదెలా?
— ఒక ప్రాజెక్ట్ మేనేజర్, గచ్చిబౌలి

జవాబు: గడియారంతో మొదలుపెడదాం. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మనం వాళ్లకంటే మూడున్నర గంటలు ముందుంటాం, మిగతా కాలం నాలుగున్నర. అక్కడ 12 నుంచి 2 దాకా భోజనం. అంటే మన లెక్కలో వేసవిలో 3:30 నుంచి 5:30, చలికాలంలో 4:30 నుంచి 6:30. వేసవిలో మీ నాలుగింటి కాల్ సరిగ్గా వాళ్ల పళ్లెం ముందు పడుతోంది. వేసవిలో మధ్యాహ్నం 1 నుంచి 3:30 మధ్య, చలికాలంలో 2 నుంచి 4:30 మధ్య పెట్టండి. ఆ భోజనం బద్ధకం కాదు. సహోద్యోగులు ఒకరినొకరు తెలుసుకునేది అక్కడే. బాధ్యతగల ఉద్యోగులు చాలామంది సాయంత్రం ఏడు దాకా ఆఫీసులోనే ఉంటారు.

రాత్రి మెసేజ్‌ల సంగతికొస్తే, పనివేళల తర్వాత ఫోను పక్కన పెట్టే హక్కు 2017 జనవరి 1 నుంచి అక్కడి కార్మిక చట్టంలో ఉంది. జవాబు ఇవ్వనివాళ్లు మిమ్మల్ని అగౌరవపరచలేదు. మెయిల్‌ను మరుసటి ఉదయానికి వెళ్లేలా పెట్టండి. నిజంగా సర్వర్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ ఒక్క పేరు ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

సెలవులు ఏడాదికి చట్టప్రకారం ఐదు వారాలు, ఐదో వారం 1982లో కలిసింది. వాటిలో పెద్దభాగం జులై, ఆగస్టుల్లో వాడతారు. మే 1, మే 8 సెలవులే. తరచుగా అదే నెలలో గురువారం నాడు క్రీస్తు ఆరోహణ పండుగ వస్తుంది. గురువారం సెలవైతే శుక్రవారం కూడా కలుపుకోవడాన్ని 'పోన్', అంటే వంతెన, అంటారు. కాబట్టి సంతకం, ఆమోదం కావాల్సినవి జూన్ చివరికి ముగించండి. కుదరకపోతే సెప్టెంబరు రెండోవారం మీద పెట్టుకోండి. జనవరిలోనే 'మీరు ఏ వారాలు ఉండరు?' అని అడగండి. వాళ్లు వారాల నంబర్లలో చెప్తారు, '31 నుంచి 33' అన్నట్టు.

ప్రశ్న: కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది. హఠాత్తుగా 'కమిటీ చూడాలి' అని రెండు నెలలు వాయిదా వేశారు. మా మీద నమ్మకం లేకనా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదు. 50 మంది, ఆపైన ఉన్న కంపెనీలో ఉద్యోగుల పనితీరు మార్చే కొత్త సాంకేతికత తెచ్చేముందు ఉద్యోగులు ఎన్నుకున్న కమిటీ అభిప్రాయం అడగాలి. దాన్ని 'సేఎస్ఊ' అంటారు. సాధారణ గడువు నెల, కమిటీ నిపుణుణ్ని పెట్టుకుంటే రెండు నెలలు. మీకు రెండు నెలలు అన్నారంటే కారణం అదే కావచ్చు. ఇకముందు ప్రణాళిక మొదటివారంలోనే 'ఇది కమిటీకి వెళ్తుందా? ఎప్పుడు?' అని అడగండి. ఉద్యోగి తన పనికి చదవాల్సిన పత్రాలు ఫ్రెంచిలో ఉండాలన్నది కూడా చట్టంలో ఉంది. వాడకం పుస్తకం అనువాదానికి రోజులు, డబ్బు మొదటే లెక్కేసుకోండి.

ప్రశ్న: నేను శాకాహారిని, మందు ముట్టను. బృందం భోజనానికి పిలిస్తే ఇబ్బందే కదా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వెళ్లండి, మానొద్దు. డబ్బా తెచ్చుకుని సీట్లో తింటే బృందానికి దూరమవుతారు. అదీగాక పని చేసే గదుల్లో ఉద్యోగుల్ని భోజనం చేయనివ్వకూడదని అక్కడి కార్మిక చట్టమే చెప్తుంది. ముందురోజే పిలిచినవాళ్లకు చెప్పండి. 'వెజిటేరియన్' అని ఊరుకుంటే చేప పెట్టవచ్చు. 'నీ వియాంద్, నీ ప్వాసోన్', అంటే మాంసమూ వద్దు, చేపా వద్దు, అనండి. గుడ్డు తినకపోతే అది విడిగా చెప్పాలి.

మోసపోయేచోట్లు కొన్ని ఉన్నాయి. సలాడ్లలో, గుడ్లు, మీగడ పోసి కాల్చే 'కీష్'లో సన్నటి పంది మాంసం ముక్కలు పడతాయి, వాటి పేరు 'లార్దోన్'. ఉల్లిపాయ సూపును తరచుగా గొడ్డుమాంసం రసంతో కాస్తారు. చిక్కుళ్ల కూరలా కనిపించే తులూజ్ 'కసూలే'లో బాతు, పంది సాసేజ్ ఉంటాయి. చల్లటి తీపి వంటకాల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. బుక్‌వీట్ పిండితో వేసే పల్చటి అట్టు 'గాలెట్'ను జున్ను, పుట్టగొడుగులతో చేయించుకోవడం చాలాచోట్ల తేలిక. 'సాన్ జాంబోన్', హ్యామ్ లేకుండా, అని మాత్రం చెప్పండి. చిన్న ఊళ్లలో 2 దాటితే వంటగది మూసేస్తారు, ఆలస్యంగా వెళ్లకండి.

వైన్ వద్దంటే 'జ న బ్వా పా దాల్‌కోల్' అనండి, సంజాయిషీ అక్కర్లేదు. 'కరాఫ్ దో' అడిగితే మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు. నీళ్ల గ్లాసుతోనే ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి గ్లాసు తాకించండి. అందరికీ వడ్డించి 'బోన్ అపెతీ' అనేదాకా ఆగండి. రొట్టెను కత్తితో కోయరు, చేత్తో తుంచి పళ్లెం పక్కన బల్లమీదే పెడతారు. చేతులు ఒళ్లో కాదు, మణికట్లు బల్ల అంచున కనిపించాలి. త్రికోణంగా ఉన్న జున్ను కొన మీరు కోసుకోవద్దు, ఆ కొనే రుచైన భాగం. అంచు పొడవునా కోయండి. పని విషయం కాఫీ వచ్చేదాకా ఎత్తకపోవడం మేలు. పిలిచినవాళ్లే బిల్లు కడతారు, సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది.

జీతం ఎంత, పెళ్లయిందా, ఏ మతం అనే ప్రశ్నలు బల్ల దగ్గర వద్దు. మనకవి ఆత్మీయత, వాళ్లకు గడప దాటి లోపలికి రావడం. తిండి, ప్రయాణాలు, తులూజ్‌లోనైతే రగ్బీ, ఎంతసేపైనా మాట్లాడతారు.

ప్రశ్న: మేనేజర్ ఇంటికి రాత్రి భోజనానికి పిలిచారు. ఏం పట్టుకెళ్లాలి?
— అదే పాఠకురాలు

జవాబు: ఇంటికి పిలిచారంటే మీరంటే అభిమానమే. ఎనిమిదింటికి రమ్మంటే ఎనిమిదీ పదికి తలుపు తట్టండి. ముందు మాత్రం వెళ్లకండి, వంటలో ఉంటారు. పూలు మంచివే, కానీ చామంతులు వద్దు. మన పూజకూ బతుకమ్మకూ శుభమైన ఆ పువ్వును వాళ్లు నవంబరు మొదట్లో సమాధుల మీద పెడతారు. ఎర్ర గులాబీలు ప్రేమకు గుర్తు, అవీ వద్దు. పూలవాళ్లకు 'భోజనానికి వెళ్తున్నాం' అని చెప్తే బేసిసంఖ్యలో వాళ్లే కట్టి ఇస్తారు.

ఇక్కడి నుంచి తీసుకెళ్లేదైతే కొండపల్లి బొమ్మ, లేదా అరకు కాఫీ పొడి. అరకు కాఫీకి పారిస్‌లో 2017 నుంచి సొంత దుకాణం ఉంది, ఆ కథ చెప్తే సంతోషిస్తారు. పాలకోవా, నెయ్యి తీసుకెళ్లొద్దు. యూరప్ బయటి నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఖరీదైన వస్తువులు కూడా వద్దు. అవినీతి నిరోధానికి 2016లో వచ్చిన చట్టం తర్వాత పెద్ద కంపెనీలు బహుమతులకు కట్టుబాట్లు పెట్టుకున్నాయి, మేనేజరును ఇరకాటంలో పెట్టినవాళ్లవుతారు.

మీరిచ్చిన పొట్లం వాళ్లు మీ ముందే విప్పి చూస్తారు, అది వాళ్ల మర్యాద. రెండోసారి వడ్డిస్తామంటే కావాలంటే వెంటనే ఒప్పుకోండి. మన ఇళ్లలోలా మొహమాటానికి వద్దంటే మూడోసారి బతిమాలేవాళ్లు ఉండరు. మరుసటి రోజు ఉదయం రెండు వాక్యాల్లో 'మెర్సీ' అని సందేశం పంపండి, వంట చేసింది ఎవరైతే వాళ్ల పేరు కూడా అందులో రాయండి.